ఎన్‌డీఏకి మా పిల్లలు సరిపోతారా? తరచుగా అడిగే ప్రశ్నలు

యూపీఎస్సీ నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) నోటిఫికేషన్ ఇచ్చినప్పుడల్లా ఇంటర్ పిల్లల నుంచి, వాళ్ల అమ్మానాన్నల నుంచి దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాం. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. పుట్టినతేదీ పరిమితులు, ఖాళీలు, మెడికల్ కొలతలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేముందు ఆ ఏటి నోటిఫికేషన్ ఒకసారి పూర్తిగా చదవండి. కోచింగ్ వాళ్ల వాట్సాప్ ఫార్వర్డ్ చూసి సరిపెట్టుకోకండి.

## ఇంటర్‌లో చేరకముందు

ఎన్‌డీఏ అంటే జవాను ఉద్యోగమా, ఆఫీసర్ ఉద్యోగమా?

ఆఫీసర్ ఉద్యోగం. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు త్రివిధ దళాల కేడెట్లూ కలిసి చదువుతారు, జేఎన్‌యూ డిగ్రీ వస్తుంది. ఆ తర్వాత ఆర్మీ వాళ్లు డెహ్రాడూన్‌కి, నేవీ వాళ్లు కేరళలోని ఎళిమలకి, ఎయిర్‌ఫోర్స్ వాళ్లు మన హైదరాబాద్ పక్కనున్న దుండిగల్‌కి వెళ్తారు. శిక్షణ ముగిశాక లెఫ్టినెంట్, సబ్ లెఫ్టినెంట్ లేదా ఫ్లయింగ్ ఆఫీసర్‌గా కమిషన్ వస్తుంది. అగ్నివీర్ సంగతి వేరు. అది నాలుగేళ్ల సైనికుడి నియామకం, దాని పరీక్షా వేరే.

సైనిక్ స్కూల్లో చదివిన వాళ్లకే వస్తుందట కదా?

అలాగని ఎక్కడా లేదు, వాళ్లకి అదనపు మార్కులూ లేవు. విజయనగరం జిల్లా కోరుకొండలో 1962 నుంచి సైనిక్ స్కూల్ ఉంది, రాయలసీమలో కలికిరిలో ఇంకోటి ఉంది. తెలంగాణలో రుక్మాపూర్ సాంఘిక సంక్షేమ సైనిక్ స్కూల్ ఉంది. అక్కడి పిల్లలకి ఉన్న లాభం రోజువారీ అలవాటు. తెల్లారే లేవడం, సాయంత్రం తప్పనిసరిగా గ్రౌండ్‌కి వెళ్లడం, డార్మిటరీలో పదిమందితో సర్దుకుపోవడం, హౌస్ కెప్టెన్‌గా తోటివాళ్ల చేత మాట పడటం, ఇవన్నీ పదకొండేళ్లకే మొదలవుతాయి. ఇంటి దగ్గర బడికెళ్లే పిల్లాడికి ఇవి దొరకవని కాదు, వెతుక్కోవాలి అంతే. ఆరో తరగతికి, తొమ్మిదో తరగతికి సైనిక్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఏడో తరగతిలో ఉండగా, ఎనిమిదో తరగతి ప్రవేశానికి డెహ్రాడూన్‌లోని ఆర్‌ఐఎంసీకి (రాష్ట్రీయ ఇండియన్ మిలిటరీ కాలేజీ) రాయొచ్చు.

ఎంపీసీయే తీసుకోవాలా? సీఈసీ, బైపీసీ అయితే కుదరదా?

ఆర్మీకి ఏ గ్రూపైనా సరే. నేవీకి, ఎయిర్‌ఫోర్స్‌కి ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ ఉండాలి. అయితే రాత పరీక్షలో మ్యాథ్స్ పేపర్ అందరికీ ఒకటే, 300 మార్కులకి. ప్రతి పేపర్‌లోనూ కనీస మార్కులు రావాలి కాబట్టి దాన్ని వదిలేసి గట్టెక్కడం కుదరదు. బైపీసీ వాళ్లు మ్యాథ్స్ విడిగా చదువుకుని రాయగలిగితే రాయండి. లేదంటే ఆ ఓపిక నీట్ మీద పెట్టి పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీ వైపు చూడటం మేలు.

ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కి మార్కులు కలుస్తాయా?

ఎన్‌డీఏలో కలవవు. కానీ క్యాంపులో ఏం చేశావని, రాత పరీక్ష దాటాక జరిగే ఎంపిక బోర్డులో (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, ఎస్‌ఎస్‌బీ) అడుగుతారు. టెంట్ కూలిన రాత్రి నువ్వేం చేశావో చెప్పగలిగితే ఆ క్యాంపు పనికొచ్చినట్టే. సర్టిఫికెట్ మాత్రమే చూపించగలిగితే అది ఫైల్లో కాగితం.

మా వాడు కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఉంటాడు. అక్కడి నుంచి ఎన్‌డీఏకి తయారవ్వచ్చా?

రాత పరీక్షకైతే తయారవుతాడు. అక్కడ రుద్దే మ్యాథ్స్ అంత బలంగా ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది రాతలో కాదు, ఆ తర్వాత జరిగే ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీలో. మొత్తం 1800 మార్కుల్లో సగం, అంటే 900, దానివే.

పొద్దున ఆరింటి స్టడీ అవర్ నుంచి రాత్రి పదింటి స్టడీ అవర్ దాకా రెండేళ్లు గడిపిన పిల్లాడిని "గత రెండేళ్లలో నీ అంతట నువ్వు పూనుకుని చేసిన పని ఒకటి చెప్పు" అంటే ఏం చెబుతాడు? తప్పు వాడిది కాదు. బట్టలు లాండ్రీకి, అన్నం మెస్‌కి, నిర్ణయాలన్నీ ఫ్లోర్ ఇన్‌చార్జికి అప్పగించిన జీవితం అది. నా అభిప్రాయం అడిగితే, ఎన్‌డీఏ మీద నిజంగా మనసున్న పిల్లాడిని గ్రౌండ్ ఉన్న మామూలు కాలేజీలో, వీలైతే డే స్కాలర్‌గా చేర్చడమే మంచిది. ఇప్పటికే చేర్పించేసి ఉంటే సెలవులకి ఇంటికొచ్చినప్పుడు పని అప్పగించండి. బ్యాంకు పని, తాతయ్యని ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకురావడం, అక్క పెళ్లిలో వడ్డన బాధ్యత, కౌలు లెక్క రాయడం, ఏదైనా సరే. వాడు పొరపాటు చేస్తే చేయనివ్వండి, మధ్యలో దూరి సరిదిద్దకండి.

## దరఖాస్తు సమయంలో

వయసు ఎంత ఉండాలి? ఇంటర్ సెకండియర్‌లో ఉండగానే రాయొచ్చా?

కోర్సు మొదలయ్యే నాటికి పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉండాలి, పెళ్లి కాకూడదు. సెకండియర్ చదువుతూ రాయొచ్చు, ఫస్టియర్ వాళ్లకి అర్హత లేదు. పరీక్ష ఏటా రెండుసార్లు, మామూలుగా ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబర్‌లో ఒకటి. ఏప్రిల్‌లో రాస్తే మరుసటి జనవరి కోర్సు, సెప్టెంబర్‌లో రాస్తే మరుసటి జులై కోర్సు. సెకండియర్ సెప్టెంబర్‌లో రాసినవాళ్లకి మార్చిలో బోర్డు పరీక్షలు, జులైలో చేరిక, కాలెండర్ చక్కగా కుదురుతుంది. ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి లేదు, వయసే పరిమితి.

రిజర్వేషన్ ఉందా? ఎస్సీ, ఎస్టీ, బీసీ వాళ్లకి వయసు సడలింపు?

రెండూ లేవు. అందరికీ ఒకటే మెరిట్ లిస్టు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకీ, అమ్మాయిలకీ ఫీజు మాత్రం ఉండదు.

అమ్మాయిలు రాయొచ్చా? సీట్లు ఎన్ని ఉంటాయి?

రాయొచ్చు. 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులతో తలుపు తెరుచుకుంది. 2022లో 148వ కోర్సులో 19 మంది అమ్మాయిలు చేరారు, వాళ్లలో 17 మంది 2025 మే 30న పాసింగ్ అవుట్ పరేడ్‌లో నడిచారు. ఒక్కో నోటిఫికేషన్‌లో మొత్తం ఖాళీలు 400 అటూఇటూ ఉంటే వాటిలో అమ్మాయిలకి కేటాయించేవి చాలా తక్కువ. కాబట్టి అమ్మాయిల్లో పోటీ ఎక్కువే. పరీక్ష, బోర్డు ఇద్దరికీ ఒకటే. ఎత్తు, బరువు వంటి కొలతలే వేరు.

ప్రిఫరెన్స్‌లో ఎయిర్‌ఫోర్స్ ముందు పెట్టాలా, ఆర్మీయా?

ఏది నిజంగా కావాలో అదే ముందు పెట్టండి. "ఏది తేలిగ్గా వస్తుంది" అన్న లెక్కతో నింపినవాళ్లు ఇంటర్వ్యూలో "ఎందుకు నేవీ?" అన్న మొదటి ప్రశ్నకే నీళ్లు నములుతారు. ఫ్లయింగ్ బ్రాంచ్ కోరుకునేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. పైలట్‌గా పనికొస్తారో లేదో చూసే సీపీఎస్‌ఎస్ పరీక్ష జీవితంలో ఒక్కసారే. అందులో తప్పితే ఇంకే ఎంట్రీ ద్వారానైనా ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్‌కి మళ్లీ అవకాశం ఉండదు. నిద్ర లేకుండా, జ్వరంతో వెళ్లి రాసే పరీక్ష కాదది.

## రాత పరీక్ష

పేపర్లు ఎలా ఉంటాయి?

ఆదివారం ఒక్కరోజే, ఓఎంఆర్ షీటు మీద. పొద్దున మ్యాథ్స్, 120 ప్రశ్నలు, 300 మార్కులు. మధ్యాహ్నం జనరల్ ఎబిలిటీ, 150 ప్రశ్నలు, 600 మార్కులు. ఒక్కోదానికి రెండున్నర గంటలు. జనరల్ ఎబిలిటీలో 200 మార్కులు ఇంగ్లిష్‌వి. మిగతా 400 ఫిజిక్స్, కెమిస్ట్రీ, జనరల్ సైన్స్, చరిత్ర, భూగోళం, వర్తమాన వ్యవహారాలవి.

జేఈఈ, ఎంసెట్‌కి చదువుతున్నాం. ఎన్‌డీఏకి వేరే చదవాలా?

మ్యాథ్స్‌కి సిలబస్ దాదాపు అదే, వేగం వేరు. ఒక్కో ప్రశ్నకి 75 సెకన్లు, కాలిక్యులేటర్ ఉండదు. ఇక్కడ మన పిల్లల్ని దెబ్బతీసేది ఎంసెట్ అలవాటు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఆ పరీక్షలో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి, చివరి పది నిమిషాల్లో మిగిలినవన్నీ 'సి' కొట్టి రావడం మన కాలేజీల్లో నేర్పే విద్య. ఎన్‌డీఏలో తప్పు జవాబుకి మూడో వంతు కోత ఉంది. మ్యాథ్స్‌లో ఒక్కో ప్రశ్న రెండున్నర మార్కులు, తప్పయితే 0.83 పోతుంది. జనరల్ ఎబిలిటీలో నాలుగు మార్కుల ప్రశ్న తప్పితే 1.33 పోతుంది. తెలియనిది వదిలేయడం కూడా ప్రాక్టీస్ చేయాలి.

అసలు కొరత చరిత్ర, భూగోళంలో ఉంటుంది. పదో తరగతితో సోషల్ మూసేసినవాళ్లు ఆరు నుంచి పది వరకు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు మళ్లీ తిరగేయాలి. ఇంగ్లిష్ పోగా మిగిలే 400 మార్కుల జనరల్ నాలెడ్జ్ భాగంలో ఆ రెండింటికే ఐదింట రెండొంతుల బరువు ఉంది.

కటాఫ్ ఎంత? ఎక్కువ మార్కులు తెచ్చుకోవడం వల్ల లాభం ఉందా?

ఈమధ్య కాలంలో రాత కటాఫ్ 900కి సుమారు 290 నుంచి 360 మధ్య తిరిగింది. 2022 మొదటి పరీక్షకి 360, 2023 మొదటి పరీక్షకి 301. విడిగా ప్రతి సబ్జెక్టులో కనీస శాతం కూడా దాటాలి. ఈ కటాఫ్ దాటితే ఎస్‌ఎస్‌బీ పిలుపు వస్తుంది, అంతవరకే. కానీ రాత మార్కులు చివరి మెరిట్‌లో కలుస్తాయి. 2022 మొదటి పరీక్షకి తుది కటాఫ్ 1800కి 720, 2023 మొదటి పరీక్షకి 664. బోర్డులో ఇద్దరికీ సమానంగా వస్తే రాతలో 420 తెచ్చుకున్నవాడు లోపల ఉంటాడు, 310 వాడు బయట ఉంటాడు.

తెలుగు మీడియం వాళ్లం. పేపర్ తెలుగులో ఉంటుందా?

ఉండదు. ఇంగ్లిష్, హిందీల్లోనే ఇస్తారు, ఇంగ్లిష్ భాగం ఎలాగూ ఇంగ్లిష్‌లోనే. తెలుగు మీడియం నుంచి వచ్చే పిల్లలు ముందు మ్యాథ్స్ పదజాలం ఇంగ్లిష్‌లో అలవాటు చేసుకోవాలి. సమాకలనం తెలిసి కూడా ఇంటిగ్రేషన్ అన్న మాట దగ్గర ఆగిపోవడం చూస్తుంటాం. దానికి రెండు మూడు నెలలు చాలు. ఇంగ్లిష్ పేపర్‌కి మాత్రం రోజూ పత్రిక చదవాల్సిందే.

## ఎస్‌ఎస్‌బీలో

స్క్రీనింగ్‌లోనే సగానికి పైగా ఇంటికి పంపేస్తారట. ఎందుకు?

బోర్డుకి చేరాక జరిగే మొదటి వడపోత అది. ముందు వెర్బల్, నాన్‌వెర్బల్ తెలివితేటల పరీక్ష. తర్వాత మసకగా ఉన్న ఒక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు, నాలుగు నిమిషాల్లో కథ రాయాలి. ఆ తర్వాత చెస్ట్ నంబర్ వరసలో ఒక్కొక్కరూ తమ కథ చెప్పి, అందరూ కలిసి ఒకే కథకి రావాలి.

ఇక్కడే గోల. పదిహేను మంది ఒకేసారి మొదలెడతారు, చేపల మార్కెట్ అయిపోతుంది. మన పిల్లలు రెండు రకాలుగా పోతారు. ఒకడు కోచింగ్‌లో చెప్పారు కదా అని గొంతు పెంచి అరుస్తాడు. ఇంకొకడు ఇంగ్లిష్ తప్పుతుందేమోనని బిక్కచచ్చి కూర్చుంటాడు. "నాలుగో నంబర్ చెప్పిన ప్రమాదం సంగతి, తొమ్మిదో నంబర్ చెప్పిన అంబులెన్స్ సంగతి కలుస్తున్నాయి, అక్కడి నుంచి వెళ్దాం" అని మామూలు గొంతుతో రెండు ముక్కలన్నవాడు కనబడతాడు. అలా అనాలంటే ముందు మిగతావాళ్ల కథలు వినాలి. చాలామంది వినరు, తమ వంతు కథ మనసులో వల్లెవేసుకుంటూ ఉంటారు.

సైకాలజీ టెస్టులకి కథలు బట్టీ పట్టొచ్చా?

పట్టినవాళ్లు చాలామందే ఉంటారు, దొరికిపోయేవాళ్లూ వాళ్లే. పన్నెండు బొమ్మలు, చివరిది ఖాళీ. ఒక్కో కథకి నాలుగు నిమిషాలు. వెంటనే 60 పదాలు, ఒక్కోదానికి 15 సెకన్లలో వాక్యం రాయాలి. ఆపైన అరగంటలో 60 సందర్భాలకి జవాబులు. చివర నీ గురించి మీ అమ్మానాన్నలు, టీచర్లు, స్నేహితులు ఏమనుకుంటారో, నువ్వేమనుకుంటావో రాయాలి. ఇంత వేగంలో తెచ్చిపెట్టుకున్న మనిషి ఎక్కువసేపు నిలబడడు. కథల్లో ధైర్యశాలి, పదాల దగ్గర పిరికివాడు, సొంత వర్ణనలో ఇంకెవరో అయిపోతాడు.

కిటికీ పక్కన పుస్తకంతో కూర్చున్న కుర్రాడి బొమ్మ వస్తే హాల్లో ఎంతోమంది "రవి కష్టపడి చదివి ఆఫీసర్ అయ్యాడు" అని రాస్తారు. అదే బొమ్మకి, ఊరి బోరు మోటారు కాలిపోయింది, చదువుకుంటున్నవాడు లేచి పక్కూరి మెకానిక్‌కి ఫోన్ చేశాడు, అతను వచ్చేలోగా సర్పంచ్‌ని అడిగి ట్యాంకర్ తెప్పించాడు, సాయంత్రానికి నీళ్లొచ్చాయి, మళ్లీ పుస్తకం తీశాడు అని రాస్తే అందులో ఒక మనిషి ఉన్నాడు. గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. సమస్య, చేతిలో ఉన్న వనరు, చేసిన పని కనబడితే చాలు.

గ్రౌండ్ టాస్కులకి బాగా ఒళ్లుండాలా?

జిమ్ ఒళ్లు అక్కర్లేదు. వ్యక్తిగత అడ్డంకులు పది, సమయం మూడు నిమిషాలు. పరిగెత్తే అలవాటు, దూకే ధైర్యం ఉంటే చాలావరకు అవుతాయి. గ్రూప్ టాస్కుల్లో పలక, దుంగ, తాడు ఇచ్చి బరువుతో సహా అందరినీ అవతలికి చేర్చమంటారు. ఎరుపు రంగు వేసినచోట మనిషీ తగలకూడదు, సామానూ తగలకూడదు. అక్కడ ఆఫీసర్ కన్ను ఐడియా ఎవరిదన్నదాని మీద ఒక్కటే ఉండదు. నీ ఐడియా పనిచేయలేదని తెలిశాక నువ్వు ముఖం మాడ్చుకుని పక్కకి తప్పుకున్నావా, ఎదుటివాడి పలక పట్టుకున్నావా అన్నదీ చూస్తాడు.

ఇంటర్వ్యూలో ఏమడుగుతారు? జీకే ఎంత చదవాలి?

జీకే కొంచెమే, నీ గురించే ఎక్కువ. నువ్వు నింపిన ఫారం ముందు పెట్టుకుని ఇంటర్వ్యూయింగ్ ఆఫీసర్ ఊపిరి తీసుకోకుండా ఒక వరస అడుగుతాడు. పదో తరగతి నుంచి నీ మార్కులు, ఎందుకు పెరిగాయి, ఎందుకు తగ్గాయి, నచ్చిన టీచర్, నచ్చని టీచర్, ప్రాణస్నేహితులు ఎవరు, వాళ్లకి నీలో నచ్చనిదేంటి, అమ్మ దగ్గర చనువా నాన్న దగ్గరా, ఖాళీ దొరికితే ఏం చేస్తావు, ఇంట్లో డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు నువ్వేం చేశావు, ఇప్పుడు వరసగా చెప్పు అంటాడు. గుర్తుంచుకున్నంతవరకు చెప్పి, మర్చిపోయినవి అడగడం తప్పు కాదు.

హాబీ దగ్గర అబద్ధం ఆడొద్దు. క్రికెట్ అని రాస్తే పిచ్ పొడవు అడుగుతారు, తోటపని అని రాస్తే మీ ఇంటి మట్టి గురించి అడుగుతారు. నాన్న వృత్తి చెప్పడానికి సిగ్గుపడే పిల్లలు ఉంటారు. ఆటో నడిపే నాన్న రోజుకి ఎంత సంపాదిస్తాడో, గ్యాస్‌కి ఎంత పోతుందో తెలిసిన పిల్లాడికి అది బలం.

ఇంగ్లిష్ సరిగా రాదు. తిప్పి పంపేస్తారా?

వ్యాకరణానికి మార్కులు లేవు. కానీ అనుకున్నది గబగబా చెప్పలేకపోతే గ్రూప్‌లో నీ మాట వినబడదు. ఇంట్లో, స్నేహితులతో రోజూ అరగంట ఇంగ్లిష్‌లోనే మాట్లాడే ఒప్పందం పెట్టుకోండి. మొదటి వారం నవ్వొస్తుంది, తర్వాత అలవాటవుతుంది.

కోచింగ్ తీసుకోవాలా?

రాతకి సొంతంగా చదవలేనివాళ్లు తీసుకోవచ్చు. ఎస్‌ఎస్‌బీకి అయితే టెస్టులెలా ఉంటాయో తెలుసుకోవడానికి రెండు వారాలు చాలు. నెలల తరబడి కోచింగ్ తీసుకున్న కొందరు ఒకే రకం కూర్చోవడం, ఒకే రకం నవ్వు, ఒకే రకం వాక్యాలతో బయటికొస్తారు. ఆ డబ్బుతో ఊళ్లో పిల్లలకి వాలీబాల్ టోర్నమెంట్ పెట్టిస్తే మీ వాడు బోర్డులో చెప్పుకోవడానికి నాలుగు మాటలు దొరుకుతాయి.

డబ్బు కడితే ఎస్‌ఎస్‌బీలో చూసుకుంటామంటున్నారు. నిజమా?

మోసం. సైకాలజిస్ట్, గ్రౌండ్ టాస్కులు చూసే ఆఫీసర్, ఇంటర్వ్యూ చేసే ఆఫీసర్ విడివిడిగా మార్కులు వేస్తారు, చివరి రోజు కాన్ఫరెన్స్‌లోనే కలిసి కూర్చుంటారు. అడ్వాన్స్ పుచ్చుకున్నవాడికి మీ వాడు సొంతంగా నెగ్గితే లాభం, పోతే ఫోన్ స్విచాఫ్.

కాన్ఫరెన్స్ దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. మళ్లీ ప్రయత్నించాలా?

వయసుంటే తప్పకుండా. రెండోసారి, మూడోసారి వెళ్లి నెగ్గినవాళ్లు కొల్లలు. అయితే మళ్లీ అదే మనిషి వెళ్తే అదే ఫలితం వస్తుంది. ఈ ఆరు నెలల్లో కొత్తగా ఏం చేశాడో ఆలోచించండి. అంతకుముందు బోర్డులో తప్పాడన్న సంగతి దాచకూడదు, ఫారంలోనే అడుగుతారు.

## మెడికల్, మెరిట్

కళ్లజోడు ఉంది. లేజర్ చేయించుకుంటే సరిపోతుందా?

తొందరపడి చేయించుకోకండి. ఆర్మీలో పరిమితి లోపు పవర్ ఉన్నవాళ్లకి అవకాశం ఉంది, ఫ్లయింగ్ బ్రాంచ్‌కి నియమాలు చాలా కఠినం. లేజర్ గురించి ఒక్కో దళానికి ఒక్కో నిబంధన ఉంటుంది, ఎన్‌డీఏ వయసులో చేయించుకున్న ఆపరేషనే అనర్హత కావచ్చు. నోటిఫికేషన్ చివర ఉండే మెడికల్ అనుబంధం ప్రింట్ తీసుకుని కంటి డాక్టర్‌కి చూపించండి. రంగులు గుర్తించడంలో తేడా ఉందేమో పదో తరగతిలోనే చూపించుకుంటే, తర్వాత రెండేళ్లు ఆశపడి బాధపడే పని ఉండదు.

ఎత్తు ఎంత ఉండాలి? టాటూ ఉంటే?

అబ్బాయిలకి సాధారణంగా 157 సెంటీమీటర్లు, ఫ్లయింగ్‌కి 162.5. అమ్మాయిలకి 152, వాళ్లకీ ఫ్లయింగ్ అయితే 162.5. ఒంటిమీద శాశ్వత టాటూలు ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు మాత్రమే ఒప్పుకుంటారు. గిరిజన సంప్రదాయపు పచ్చబొట్లకి మినహాయింపు ఉంది.

మెడికల్‌లో తీసేస్తే ఇక అంతేనా?

కాదు. బరువు, చెవిలో గులిమి, పళ్లు, ముక్కులో వంకర లాంటివి చాలావరకు సరిచేసుకోదగ్గవే. గడువు లోపల చికిత్స చేయించుకుని అప్పీల్ మెడికల్ బోర్డుకి వెళ్లొచ్చు. పిలుపు వచ్చాక కంగారుపడే బదులు ముందే చెవులు, పళ్లు చూపించుకోవడానికి ఒక పూట చాలు.

ఎస్‌ఎస్‌బీలో రికమెండ్ అయ్యాడు, మెడికల్ ఫిట్. అయినా పిలుపు రాలేదేంటి?

రికమెండ్ అయిన వాళ్లందరికీ సీటు రాదు. రాత మార్కులు, బోర్డు మార్కులు కలిపి మెరిట్ లిస్టు వేస్తారు, ఖాళీలున్నంతవరకే పిలుస్తారు. దీన్నే పిల్లలు మెరిట్ అవుట్ అంటారు. ఇది అన్నిటికంటే బాధ పెట్టే ఫలితం. మరో పరీక్ష రాసే వయసుంటే రాత స్కోరు పెంచుకోవడమే దారి.

## చేరడం, చేరలేకపోవడం

చేరేముందు ఫిట్‌నెస్ ఎంత ఉండాలి?

15 నిమిషాల్లో 2.4 కిలోమీటర్ల పరుగు, పుషప్‌లు, సిటప్‌లు ఇరవై చొప్పున, చినప్‌లు ఎనిమిది, తాడెక్కడం మూడు నాలుగు మీటర్లు. నోటిఫికేషన్‌లో ఇచ్చే సలహా ఇది. చినప్‌ల దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఈత వస్తే ఇంకా మంచిది.

ఫీజులెంత? మధ్యలో మానేస్తే?

చదువు, తిండి, వసతి, యూనిఫాం ఖర్చు ప్రభుత్వానిదే. జేబు ఖర్చు తల్లిదండ్రులు పెట్టాలి, ఆదాయం తక్కువున్నవాళ్లకి దానికీ సాయం ఉంది. ఆ మూడేళ్లూ జీతం ఉండదు. తర్వాత డెహ్రాడూన్ వంటి చోట్ల చివరి దశ శిక్షణలో నెలకి 56,100 రూపాయల స్టైపెండ్ వస్తుంది. సొంత కారణాలతో మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి, చేరేటప్పుడే తల్లిదండ్రుల చేత బాండ్ రాయించుకుంటారు.

అమెరికాలో పుట్టిన మా మేనల్లుడికి వెస్ట్ పాయింట్ (అక్కడి ఆర్మీ ఆఫీసర్ల అకాడమీ) అంటే ఇష్టం. అక్కడా ఇలాగేనా?

దారి వేరు. అక్కడి పౌరసత్వం ఉండాలి, గ్రీన్ కార్డు చాలదు. వయసు 17 నిండి 23 లోపు, పెళ్లి కాకూడదు. మార్కులతో పాటు ఆ రాష్ట్ర సెనేటర్ లేదా తమ నియోజకవర్గ ప్రతినిధి నుంచి నామినేషన్ తెచ్చుకోవడం అక్కడ మామూలు దారి. కోస్ట్ గార్డ్ అకాడమీకి మాత్రం నామినేషన్ అక్కర్లేదు. ఆటల జట్టుకి కెప్టెన్‌గా ఉండటం, ఫిట్‌నెస్ పరీక్ష అక్కడా లెక్కలోకొస్తాయి. పదకొండో తరగతి వేసవికల్లా నామినేషన్ కాగితాలు మొదలుపెట్టమనండి.

వయసు దాటిపోయింది. ఆఫీసర్ అయ్యే దారి ఇంకేదైనా ఉందా?

చాలా ఉన్నాయి. డిగ్రీ తర్వాత యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్ష, ఎయిర్‌ఫోర్స్‌కి ఏఎఫ్‌క్యాట్ పరీక్ష, ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి స్పెషల్ ఎంట్రీ, ఇంజనీర్లకి టెక్నికల్ ఎంట్రీలు. వయసు ఇంకా పంతొమ్మిదిన్నర దాటని ఎంపీసీ పిల్లలకైతే ఎన్‌డీఏ రాతతో పనిలేని దారి కూడా ఉంది. జేఈఈ మెయిన్ రాసి, ఇంటర్ ఎంపీసీ సబ్జెక్టుల్లో 60 శాతం తెచ్చుకున్నవాళ్లు ఆర్మీ టెక్నికల్ ఎంట్రీ స్కీమ్‌కి దరఖాస్తు చేయొచ్చు, నేవీలోనూ జేఈఈ ర్యాంకుతో బీటెక్ కేడెట్ ఎంట్రీ ఉంది. మన కాలేజీల్లో ఇన్ని వేలమంది జేఈఈ రాస్తున్నా దీని గురించి విన్నవాళ్లు తక్కువ. వీటన్నిటికీ ఎస్‌ఎస్‌బీ మాత్రం ఉంటుంది.